‘అదే’ అన్న మాట వచ్చేదాకా

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు, బెంగళూరులో ఉద్యోగం. నాన్న పోయి ఏడు నెలలైంది. అమ్మ తిరుపతిలో ఒక్కతే ఉంటోంది. రోజూ రాత్రి ఫోన్ చేస్తాను. ఏదో ఒక ఇబ్బంది చెబుతుంది, నేను దానికి దారి చెబుతాను. నిద్ర పట్టడం లేదంటే సాయంత్రం నడవమన్నాను. పొద్దు పోవడం లేదంటే గుడికి వెళ్ళమన్నాను. మొన్న “రోజూ అర లీటరు పాల పాకెట్టే తెప్పిస్తా ఉన్నా, సగం మిగిలిపోతా ఉంది” అంది. “పావు లీటరు తెప్పించుకో అమ్మా” అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “నీతో చెప్పుకుని ఏం లాభంలే నాయనా” అని పెట్టేసింది. నేను చెప్పిన దాంట్లో తప్పేముంది? నా భార్య కూడా నాకు ఎంపతీ, అంటే ఎదుటివాళ్ళ మనసు అర్థం చేసుకునే గుణం, లేదంటుంది. అసలు అది నేర్చుకుంటే వచ్చేదేనా?

జవాబు:

మీరు చెప్పిన దాంట్లో తప్పు లేదు. పాలు మిగిలిపోతుంటే చిన్న పాకెట్ తెప్పించుకోమని ఎవరైనా చెబుతారు. కానీ ఆ అర లీటరు ఇద్దరి పాకెట్ నాయనా. ఏడు నెలలుగా ఆవిడ దాన్ని తగ్గించలేకపోతున్నారు. అన్నేళ్ళు సంసారం ఈదిన మనిషికి పాల లెక్క తెలియక అడగలేదు. రేపటి నుంచి పావు లీటరు చాలు అని పాలు వేసే అబ్బాయికి చెప్పాలంటే, ఇంట్లో ఒక మనిషి తగ్గాడని నోటితో చెప్పినట్టే. ఆ మాట ఆవిడకు ఇంకా నోట రావడం లేదేమో. ఇది నా ఊహ. తప్పయినా కావచ్చు, ఆవిడను అడిగితేనే తెలుస్తుంది. కానీ ఏడు నెలల కిందట భర్త పోయిన మనిషి పాలు మిగిలిపోతున్నాయి అంటే, నేను ముందు పాల గురించి ఆలోచించను.

నేను తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో 31 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. అందులో చివరి 16 ఏళ్ళు డయాలిసిస్ వార్డులోనే. కిడ్నీలు పాడైన వాళ్ళ రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసే చోటు అది. మామూలు వార్డుకూ దీనికీ చాలా తేడా ఉంది. మామూలు వార్డులో పేషెంటు వస్తారు, వారానికో పది రోజులకో ఇంటికి పోతారు. ఇక్కడ వారానికి మూడు సార్లు, వచ్చిన ప్రతిసారీ నాలుగు గంటలు, అదే మంచం, అదే మనిషి, ఏళ్ళ తరబడి. మిషన్ పని మిషన్ చేస్తుంది. మిగిలింది మాటలే. మీరు అడిగిన విషయం నేను నేర్చుకున్నది అక్కడే, అదీ చాలా తప్పులు చేశాక.

ఒక పెద్దాయన బంగారుపాళ్యం దగ్గర పల్లె నుంచి వచ్చేవారు. మామిడి రైతు. తోపు నిండా తోతాపురి, ఆయన మాత్రం ఒక ముక్క కూడా నోట్లో పెట్టుకోకూడదు. కిడ్నీలు పని చెయ్యని వాళ్ళకు ఒంట్లో పొటాషియం పేరుకుంటుంది, మామిడిలో అది ఎక్కువ. ఆ సంగతి ఆయన బాగానే పాటించేవారు. నీళ్ళ దగ్గరే చిక్కు వచ్చేది. మూత్రం రాని మనిషి లీటరు నీళ్ళు తాగితే కిలో బరువు పెరుగుతాడు. ఒక డయాలిసిస్‌కూ ఇంకో డయాలిసిస్‌కూ మధ్య రెండు, రెండున్నర కిలోలు దాటకూడదని మేం చెప్పేవాళ్ళం. ఆయన నాలుగు కిలోలు, ఒక్కోసారి నాలుగున్నర పెరిగి ఆయాసపడుతూ వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ తిట్లు. డాక్టరు ఒకసారి, నేను ఒకసారి, టెక్నీషియన్ ఒకసారి, చివరికి వార్డు ఊడ్చే ఆమె కూడా. ఆయన తల వంచుకుని “సరేమ్మా” అనేవారు. మళ్ళీ నాలుగు కిలోలే.

ఒకరోజు తిట్టే ఓపిక లేక, పక్కన స్టూలు వేసుకుని కూర్చుని అడిగాను: “పెద్దాయనా, ఏ పొద్దులో తాగుతారు నీళ్ళు?” ఆయన చాలాసేపు మిషన్ వైపే చూశారు. నేను కూడా ఏమీ అనలేదు. అప్పుడు చెప్పారు: “మద్యాన్నం తోపులో కూలోళ్ళు కూసుంటారు కదమ్మా. నేను తాగకుండా ఉంటే, నా ముందర వాళ్ళు కూడా తాగేదే లేదు. ఎండలో పని చేసినోళ్ళు. చెంబు నేను ఎత్తితేనే వాళ్ళు ఎత్తేది.”

నాకు ఏం చెప్పాలో తోచలేదు. “అంటే, వాళ్ళు దప్పికతో కూర్చుంటే చూడలేక మీరు తాగుతున్నారు” అన్నాను. ఆయన తలెత్తి నా మొహంలోకి చూసి, “అదే గదమ్మా!” అన్నారు. ఏడాదిన్నరగా వస్తున్న మనిషి నా మొహంలోకి సూటిగా చూడడం అదే మొదటిసారి.

ఆ తర్వాత నేను సలహా కూడా చెప్పలేదు. ఆయనే చెప్పుకున్నారు: వాళ్ళు సద్ది విప్పే పొద్దుకు నేను మోటారు షెడ్డు కాడికి పోతాలేమ్మా, అని. బరువు మూడు కిలోల దగ్గరికి దిగింది. కొన్ని వారాలు రెండున్నర. దాహం ఎక్కడికీ పోదు కాబట్టి పూర్తిగా మా లెక్కకు ఎప్పుడూ రాలేదు. కానీ ఏడాదిన్నర తిట్లతో రాని మార్పు ఒక ప్రశ్న అడిగి నోరు మూసుకుంటే వచ్చింది.

ఆ ‘అదే’ అన్న మాట మీద మీరు చెవి పెట్టాలి. మనవాళ్ళకు తమ మనసులో ఉన్నది ఎదుటివాళ్ళు సరిగ్గా పట్టుకున్నారని అనిపించగానే వాళ్ళకు తెలియకుండానే ఆ మాట వచ్చేస్తుంది. అదే, అదే కదా, అదే నేను చెప్పేది. అది వినపడేదాకా మీ సలహా జేబులోనే ఉంచుకోండి. దాన్ని పారేయమనడం లేదు. మంచి సలహానే, కానీ ముందే ఇస్తే చెయ్యి చాపని మనిషికి వస్తువు ఇచ్చినట్టు కింద పడిపోతుంది.

రిటైరయ్యే ముందు కొన్నేళ్ళు, కొత్తగా చేరిన నర్సులకు పేషెంట్లతో మాట్లాడే పద్ధతి చెప్పే పని నాకు అప్పగించారు. అప్పుడు కొంత చదివాను. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు, డాక్టర్ల గదుల్లో మాటలు రికార్డు చేసి చూశారు. పేషెంటు తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడ్డాడు. మొదట చెప్పాలనుకున్నది పూర్తిగా చెప్పగలిగిన వాళ్ళు నలుగురిలో ఒక్కరు కూడా లేరు. అది చదివి నేను డాక్టర్ల మీద కోపం తెచ్చుకోలేదు. మా ఇంట్లో గడియారం పెట్టుకుని చూసుకున్నాను. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి ఏదైనా చెప్పబోతే, నేను పది సెకన్లు కూడా ఆగడం లేదు.

ఎందుకిలా జరుగుతుందో కూడా పరిశోధకులు కొంత తెలుసుకున్నారు. 2009లో పది భాషలు మాట్లాడే వాళ్ళ సంభాషణలను పోల్చి చూస్తే, ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి మధ్య ఖాళీ సగటున 200 మిల్లీ సెకన్లు, అంటే సెకనులో ఐదో వంతే. కానీ నోట ఒక్క మాట తయారు కావడానికే మనిషికి 600 మిల్లీ సెకన్లు పడుతుంది. అంటే ఎదుటివాళ్ళు ఇంకా మాట్లాడుతుండగానే మనం మన జవాబు వండుకుంటున్నాం. ఇది మీ ఒక్కరి లోపం కాదు, మనుషులందరి అలవాటూ ఇంతే. అందుకే కావాలని ఆగడం నేర్చుకోవాలి. అమ్మ మాట అయిపోయింది అనిపించాక ఒక ఊపిరి తీసుకుని వదలండి. చాలాసార్లు అసలు మాట ఆ ఊపిరి తర్వాత వస్తుంది. ఆ పెద్దాయనకు వచ్చినట్టు.

మీ భార్య అన్న ఎంపతీ అనే మాట ఇంగ్లీషులో కూడా పాతదేమీ కాదు. 1909లో ఎడ్వర్డ్ టిచెనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక జర్మన్ మాటకు సాటిగా దాన్ని తయారు చేశాడు. లోపలికి వెళ్ళి అనుభవించడం అని ఆ జర్మన్ మాటకు అర్థం. మనం పుస్తకాల్లో సహానుభూతి అని రాస్తున్నాం. సానుభూతి వేరు. అది గట్టు మీద కూర్చుని అయ్యో పాపం అనడం. అది కూడా చెడ్డదేమీ కాదు, కానీ మీ అమ్మకు అది చుట్టాల దగ్గర కావలసినంత దొరికే ఉంటుంది.

కార్ల్ రోజర్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1957లో రాసిన ఒక వ్యాసంలో దీని గురించి నాకు బాగా నచ్చిన మాట ఉంది. ఎదుటి మనిషి లోకం మనదే అన్నట్టు చూడాలి, కానీ ఆ ‘అన్నట్టు’ను ఎప్పుడూ వదలకూడదు అన్నది ఆయన చెప్పిన దాని సారం. నాకిది సూది దగ్గర అర్థమైంది. డయాలిసిస్‌కు చేతికి రెండు లావు సూదులు గుచ్చాలి, వారానికి మూడు సార్లు. పేషెంటు నొప్పి నా నొప్పే అయిపోతే నా చెయ్యి వణుకుతుంది, సూది తప్పుతుంది, ఇంకోసారి గుచ్చాల్సి వస్తుంది. నొప్పి నాకు పట్టకపోతే చెప్పకుండా గుచ్చేస్తాను. నొప్పి ఉంటుందని తెలిసి, “ఇప్పుడు గుచ్చుతున్నా, ఊపిరి పీల్చండి” అని చెప్పి, చెయ్యి కదలకుండా గుచ్చాలి. అమ్మతో కలిసి మీరు కూడా ఫోన్లో ఏడవాలని ఎవరూ అనడం లేదు. ఏడుపు వస్తే ఏడవండి, మీకూ నాన్నే కదా. కానీ వినడం అంటే అది కాదు.

మన భాషలో ఊ కొట్టడం అని ఒక మంచి మాట ఉంది. మా అవ్వ కథ చెప్పేటప్పుడు ఊ కొట్టకపోతే ఆపేసేది. నిద్రలో కొడుతున్నామో మెలకువతో కొడుతున్నామో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. ఫోన్లో కూడా అంతే. మీరు ల్యాప్‌టాప్ చూస్తూ కొట్టే ఊ మీ అమ్మకు తెలుస్తుంది. దీనికి పక్కనే వంత పాడడం అని ఇంకో మాట ఉంది. బుర్రకథలో పక్కన ఉండే ఇద్దరూ కథకుడికి వంత పాడినట్టు, ఆమె ఏమంటే అదే మీరు కూడా అనడం. పక్కింటావిడ మంచిది కాదు అంటే, అవునమ్మా మంచిది కాదు అనడం. చాలామంది సహానుభూతి అంటే ఇదేననుకుని భయపడతారు, నేను ఒప్పుకోని దానికి ఎట్లా తల ఊపాలి అని. ఊపనక్కర్లేదు.

మా వార్డులో సాయంత్రం షిఫ్టు పేషెంట్లు తరచూ అరగంట ముందే మిషన్ తీసేయమని పోట్లాడేవారు. ఒకామె చిత్తూరు దాటి పోవాలి, ఊరికి ఆఖరి బస్సు తప్పితే రాత్రంతా బస్టాండులోనే. ఆమెకు మొదట్లో నేను రూల్స్ చెప్పేదాన్ని, గొడవ పెద్దదయ్యేది. తర్వాత “బస్సు పోతే ఆడమనిషి ఒక్కతే రాత్రి బస్టాండులో ఎట్లా ఉండాలని భయంగా ఉంది కదమ్మా” అన్నాను. “అదే కదా సిస్టరూ” అంది. “అరగంట తగ్గిస్తే రేపటికి ఆయాసం వస్తుంది, అది నేను చెయ్యలేను. పొద్దున షిఫ్టుకు మార్చమని సారుకు ఈ రోజే చెబుతాను” అన్నాను. మిషన్ తియ్యలేదు, ఆమె గొడవ కూడా పెట్టలేదు. ఆమె భయం నిజమని ఒప్పుకున్నాను, అడిగింది మాత్రం ఇవ్వలేదు. రెండూ ఒకేసారి చెయ్యవచ్చు.

ఇంకో తప్పు గురించి చెప్పాలి, ఎందుకంటే మంచి మనసు ఉన్నవాళ్ళే ఇది ఎక్కువగా చేస్తారు. వార్డుకు వచ్చిన కొత్తలో వరండాలో ఒక అమ్మాయి ఏడుస్తూ కనిపించింది. తమ్ముడికి రెండు కిడ్నీలూ పోయాయని ఆ రోజే చెప్పారు. పక్కన కూర్చుని, నీ బాధ నాకు తెలుసమ్మా అని మొదలుపెట్టి, జబ్బు చేసి పోయిన మా అన్న సంగతి చెప్పాను. పది నిమిషాలు చెప్పాను. చివరికి ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుని “బాధపడొద్దు అక్కా” అంది. ఆ రోజు నేను ఆమె దుఃఖాన్ని పక్కకు నెట్టి నా దుఃఖానికి చోటు చేసుకున్నాను. ఇంటికి వెళ్ళాక గానీ అర్థం కాలేదు. ఇప్పటికీ ఆ అమ్మాయి మొహం గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. ఆమె తమ్ముడి పేరు కూడా నేను అడగలేదు. నాన్న గురించి మీ అమ్మ చెబుతుంటే “నాకు కూడా అమ్మా, ఆఫీసులో ఉన్నప్పుడు...” అని మీ వైపు తిప్పుకోకండి. మీ వంతు కూడా వస్తుంది. రావాలి కూడా. కానీ ఆమె మాట అయిపోయాక.

మాట తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె వాడిన మాటే వాడండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా పని చేస్తుంది. మా వార్డుకు తిరుత్తణి వైపు నుంచి తమిళం వాళ్ళు వచ్చేవారు. నాకు తమిళం అంతంత మాత్రం. కానీ “ఎంగ వలిక్కుదు” అని అడగడం నేర్చుకున్నాను, ఎక్కడ నొప్పి అని. ఆ ఒక్క మాటకే సగం మంది మొహాలు మెత్తబడేవి. తెలుగులో కూడా అంతే. ఆమె గుండెల్లో గుబులుగా ఉంది అంటే మీరు దాన్ని టెన్షన్ అనకండి, డిప్రెషన్ అసలే అనకండి. “గుబులు ఏ పొద్దులో ఎక్కువుంటోంది అమ్మా” అని అడగండి. ‘ఎందుకు’ అని అడిగితే సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. ‘ఎప్పుడు’, ‘ఎట్లా’ అని అడిగితే చెప్పుకునే వీలుంటుంది. ఎందుకు తాగుతున్నారు అని ఆ పెద్దాయనను అందరం ఏడాదిన్నర అడిగాం కదా.

కొన్ని మాటలు ఉన్నాయి, ప్రేమతోనే అంటాం, కానీ వినగానే ఎదుటివాళ్ళ నోరు మూతపడుతుంది. అందరికీ ఉండేదే. ధైర్యంగా ఉండు. బాధలు లేకుండా పోయాడు, అదైనా నయం. ఏడవకు. వీటిల్లో మాట తప్పు లేదు, వేళ తప్పు. వీటన్నిటికీ ఆమె చెవికి వినిపించే అర్థం ఒక్కటే, ఇక ఈ సంగతి చాలించు అని.

నేర్చుకుంటే వస్తుందా అని అడిగారు. వస్తుంది. నేను నేర్పిన నర్సుల్లో అందరికంటే ముభావంగా ఉండే అబ్బాయి ఒకడు రెండేళ్ళలో పేషెంట్లు పేరు పెట్టి పిలిచేంత దగ్గరయ్యాడు. మొదట్లో అతను కూడా చిలక పలుకుల్లా విన్నది విన్నట్టే తిరిగి చెప్పేవాడు. “కాళ్ళు లాగుతున్నాయి” అంటే “ఓహో, కాళ్ళు లాగుతున్నాయా” అని. పేషెంట్లకు చిరాకు వచ్చేది. విన్న మాటను కాదు, దాని వెనక మనకు తోచినదాన్ని, కొంచెం అనుమానంగా చెప్పాలి. “అంటే, రాత్రి నిద్ర పోలేదనా?” అన్నట్టు. తప్పు చెప్పినా ఫరవాలేదు. “అది కాదు నాయనా” అని మీ అమ్మ సరిదిద్దుతుంది. సరిదిద్దేటప్పుడు ఇంకొంచెం లోపలి మాట చెబుతుంది. కాబట్టి సరిగ్గా ఊహించలేనేమోనని భయపడి సలహాలోకి పారిపోనక్కర్లేదు.

మీ భార్య విషయంలో మీరు వివరాలు రాయలేదు కాబట్టి ఎక్కువ చెప్పను. రాత్రి ఆమె ఆఫీసు సంగతి చెప్పినప్పుడు, “నన్ను ఏమైనా చెయ్యమంటావా, ఊరికే చెప్పుకోవాలనిపించిందా” అని అడిగి చూడండి. నిజంగా తెలుసుకోవాలని అడగాలి, విసుగుతో అడిగితే అదే మాట ఎగతాళిలా ఉంటుంది.

అలిసిపోయిన రోజు మాత్రం ఫోన్ చేసి ఉత్తుత్తి ఊ కొట్టకండి. “ఇవాళ నాకు బుర్ర పని చెయ్యడం లేదమ్మా, పొద్దున బస్సులో కూర్చున్నాక చేస్తా” అని చెప్పండి. చెప్పినట్టు చెయ్యండి. 31 ఏళ్ళలో నేను కూడా అందరినీ ప్రతిరోజూ వినలేకపోయాను. డ్యూటీ దిగాక ఇంట్లో ఎవరూ పలకరించొద్దు అనిపించిన రోజులు చాలా ఉన్నాయి. అవి దాచుకుంటే మాటలో కరుకుదనం వస్తుంది, చెప్పేస్తే రాదు.

ఒక విషయం మర్చిపోవద్దు. ఏడు నెలల తర్వాత కూడా రోజూ నిద్ర లేకపోవడం, తిండి తగ్గిపోవడం, ఇంక నేనుండి ఏం లాభం అనే మాటలు రావడం ఉంటే, మీరు వినడం ఒక్కటే చాలదు. తిరుపతిలో మానసిక వైద్యులు ఉన్నారు, దగ్గరుండి తీసుకెళ్ళండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆమె చెయ్యనంటే మీరే చేసి ఏం చెయ్యాలో అడగవచ్చు.

ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు పెద్ద క్షమాపణలు ఏమీ వద్దు. “అమ్మా, మొన్న నువ్వు పాల పాకెట్ సంగతి చెబితే నేను తొందరపడి ఏదో అనేశాను. నాన్నకు రెండో కాఫీ ఎన్ని గంటలకు ఇచ్చేదానివి?” అని అడగండి. అడిగి ఆగండి. పదకొండుకో, నాలుగుకో, ఏదో చెబుతారు. ఏ గ్లాసులో పోసేవారో, పంచదార విషయంలో ఇద్దరూ ఎట్లా పోట్లాడుకునేవారో కూడా చెబుతారేమో. లేదంటే చాలాసేపు మాటే రాకపోవచ్చు. ఫోన్ పెట్టేయకుండా మీరు అక్కడే ఉండండి, ఉన్నారని తెలిసేలా ఒక ఊ అనండి.

పాకెట్ మాత్రం మీరు తగ్గించమనకండి. ఆవిడకు తోచినప్పుడు ఆవిడే చెబుతారు పాలు వేసే అబ్బాయికి. అప్పటిదాకా మిగిలిన పాలు తోడేసుకుంటారులెండి.